గట్టు మీది గాంగూజ్లర్

కాలువ గట్టున పనీపాటా లేకుండా నిలబడి, పోయే పడవల్ని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి పడవలవాళ్ళు గాంగూజ్లర్ అంటారు. ఆ మాట ఎవడు పుట్టించాడో, ఏ మూల నుంచి ఊడిపడిందో ఇంతవరకు తేల్చి చెప్పినవాడు లేడు. కాలువ తవ్వడానికొచ్చిన ఐరిష్ కూలీలు వదిలేసి పోయారని ఒకడంటాడు. కాదు, తూర్పున లింకన్‌షైర్ చిత్తడినేలల్లో పుట్టిందని ఇంకొకడు వాదిస్తాడు. పుట్టుక సంగతి ఎలా ఉన్నా వాడుక మాత్రం అందరికీ తెలుసు. పడవమీద పుట్టినవాణ్ణి దొంగ అనండి, తాగుబోతు అనండి, నవ్వి ఊరుకుంటాడు. గాంగూజ్లర్ అన్నారో, తూము తిప్పే ఇనుప పిడి తీసుకుని మీదికొస్తాడు.

కెజీయా తన ముప్పై నాలుగేళ్ళ బతుకులో ఆ మాట ఎంతమంది మీద విసిరిందో లెక్కలేదు. గొడుగులేసుకొచ్చిన దొరసానుల్ని, ఆదివారం ప్రార్థన అయ్యాక పొట్టలు నిమురుకుంటూ వచ్చిన పెద్దమనుషుల్ని, చేతులు పట్టుకు తిరిగే కుర్ర జంటల్ని ఎవర్నీ వదల్లేదు. "చూడండి బాబూ చూడండి, చూస్తే అరిగిపోంలే!" అని చుక్కాని దగ్గర నించుని అరిచేది. వాళ్ళు సిగ్గుపడి మొహాలు తిప్పుకుంటే పడీపడీ నవ్వేది. అలాంటి కెజీయా ఇప్పుడు నాలుగు నెలలుగా, పడవల్ని నీళ్ళతో ఎత్తి దించే లాకు గట్టు మీద బల్ల వేసుకుని కూర్చుంది.

ఆమె పడవలోనే పుట్టింది, పడవలోనే పెరిగింది, పడవలవాణ్ణే చేసుకుంది. వార్విక్‌షైర్ గనుల దగ్గర బొగ్గు నింపుకుని లండన్ పక్క కాగితం మిల్లుకి చేర్చడం, ఖాళీ పడవలతో తిరిగి రావడం, ఇదే బతుకు. ముందు నడిచే మోటారు పడవ మొగుడు ఏమస్‌ది. దానికి తాడు కట్టి లాగే వెనక పడవ కెజీయాది. ఆ వెనక పడవ చివర ఉన్న గది, నాలుగడుగులు వేస్తే అయిపోయే గది, ఆమె ఇల్లు. గోడకి అంచుల్లో రిబ్బన్లు దూర్చిన పింగాణీ పళ్ళేలు, రోజాపూలు చిత్రించిన నీళ్ళ డబ్బా, పొయ్యి మీద తళతళలాడే ఇత్తడి కమ్మీ, అరల అంచులకి వేలాడే తెల్ల దారపు అల్లికలు. పదమూడేళ్ళ కాపురం అందులోనే గడిచింది. పిల్లలు కలగలేదు. కాబట్టి ఆ పళ్ళేలూ ఇత్తడీ పిల్లల్లాగే తుడుచుకునేది.

నవంబరులో ఒక తెల్లవారుజామున మంచు పేరుకున్న లాకు తలుపు దూలం మీద నడుస్తూ జారింది. తుంటి ఎముక విరిగింది. ఈస్టరు లోపు పడవ ఎక్కావంటే జన్మంతా కుంటుతావని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. లాకుకాపరి జాలిపడి తన ఇంటి వెనక గది ఇచ్చాడు. ఏమస్ ఒక్కడూ రెండు పడవలు నడపలేడు. పరాయివాళ్ళని పెట్టుకుంటే తన పళ్ళేలు ఏమవుతాయో అని బెంగపడి, కెజీయాయే కబురు పంపి నాన్న పడవ మీదున్న చెల్లెలు ఫీబీని రప్పించింది. ఫీబీకి ఇరవై రెండేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. ఏ ముహూర్తాన కబురు పంపిందో గాని, కొన్నాళ్ళకే కెజీయాకి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

మొదటి రెండు ప్రయాణాలూ బాగానే అనిపించాయి. పది పన్నెండు రోజులకోసారి పడవలు బొగ్గుతో దిగువకి వెళ్ళేవి, నాలుగైదు రోజులకి ఖాళీగా ఎగువకి వచ్చేవి. లాకు నిండటానికో ఖాళీ అవడానికో పట్టే పది నిమిషాలే మొగుడూ పెళ్ళాల మాటలన్నీ. అంతకంటే ఆగితే వెనక వచ్చేవాళ్ళు దాటిపోతారు, గని దగ్గర వంతు పోతుంది.

"నెప్పెలా ఉందే?" అనేవాడు ఏమస్.

"ఉంది. తింటున్నావా?"

"తింటన్నా. నీ చెల్లెలు బానే వండుద్ది."

అదే మొదటి ముల్లు. బానే వండుతుందట! ఫీబీకి బేకను పందిమాంసం మాడ్చకుండా వేయించడం నేర్పింది ఎవరు? తర్వాత ప్రయాణానికి వెనక పడవ పొగగొట్టం చుట్టూ ఉన్న మూడు ఇత్తడి పట్టీలు దూరం నుంచే మెరుస్తూ కనిపించాయి. తను తోమినప్పుడు ఎప్పుడూ అంతలా మెరవలేదు. ఆ మాట తనకి తాను ఒప్పుకోవడానికి కెజీయాకి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఫీబీ మలుపులో పడవని ఎంత ఒడుపుగా తిప్పిందో చూసింది. పక్కన ఎవరో ముసలి సరంగు "అచ్చం నీ చెయ్యే కెజీ" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు గుండెల్లో రాయిలా కూర్చుంది.

కెజీయాకి కుళ్ళు పుట్టింది. దానికింకో పేరు పెట్టి లాభం లేదు. తన చుక్కాని, తన పొయ్యి, తన పక్క, తన మొగుడి పలకరింపు అన్నీ చెల్లెలు చేతిలో ఉన్నాయి. పైగా వాటిని అది పాడుచెయ్యడం లేదు. పాడుచేస్తే తిట్టుకుని తృప్తిపడేది, ఆ తృప్తి కూడా లేకుండా పోయింది.

దీనికితోడు పడవలవాళ్ళ నాలుకలు. వాళ్ళు గాలి పీల్చినంత తేలిగ్గా ఎగతాళి చేస్తారు.

"ఏం కెజీ, గాంగూజ్లరువైపోయావా?" అని ఒకడు పోతూ పోతూ అరిచాడు.

"అయ్యింది, ఇంక గొడుగూ చేతి తొడుగులూ కొనాలి!" అని వాడి పెళ్ళాం అందుకుంది.

"ముందు మీ పడవకి అడుగున పట్టిన నాచు గీక్కోవే, తర్వాత నా తొడుగుల సంగతి చూద్దువుగాని!" అని కెజీయా తిరగేసింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. వాళ్ళు మలుపు తిరిగాక మాత్రం బల్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఆ బల్ల మీద ఆమెకొక తోడు ఉండేవాడు. పెటిఫర్ మేష్టారని, ఊళ్ళో బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి మానేసిన ముసలాయన. పొడుగు కోటు, వంకీ కర్ర, జేబులో చిన్న పుస్తకం. ఆయనకి ఒకటే పిచ్చి: గాంగూజ్లర్ అనే మాట ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలి, కనిపెట్టి నిఘంటువు రాసేవాళ్ళకి ఉత్తరం రాయాలి. ఏ పడవ ఆగినా పుస్తకం తెరిచేవాడు. పడవలవాళ్ళు మహా గడుసువాళ్ళు కదా, ఒక్కొక్కరూ ఒక్కో కథ అల్లి చెప్పేవారు. ఒకాయన గూజ్లర్ అనే పెద్దమనిషి నోరు తెరిచి చూస్తూ చూస్తూ కాలువలో పడి చచ్చాడన్నాడు. ఇంకొకావిడ అది చైనా భాషని ప్రమాణం చేసింది. మేష్టారు అన్నీ వరసగా రాసుకునేవాడు.

"అబద్ధాలని తెలిసి కూడా రాసుకుంటారేంటి మేష్టారూ?" అంది కెజీయా ఒకసారి.

"అబద్ధానికి కూడా పుట్టినరోజు ఉంటుందమ్మా. ఎవరు ఎప్పుడు చెప్పారో రాస్తే, రేపెవడికైనా పనికొస్తుంది."

"మరి మీకేమనిపిస్తుంది?"

"లింకన్‌షైర్ పల్లెల్లో తేరిపార చూడటానికి పాత మాటలు రెండున్నాయట. ఆ రెండూ అతుక్కుని ఇదయిందని కొందరంటారు. కానీ సాక్ష్యం లేదు. లింకన్‌షైర్ మాట ఇంత దూరం ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? ఏమో!"

"రెండుసార్లు చూడటమన్నమాట. ఒకసారి చూస్తే చాలదా ఏంటి?"

"కొందరికి చాలదుగా" అని మేష్టారు నవ్వి, "నేనూ అందులో ఒకణ్ణే" అన్నాడు.

కెజీయాకి ఒకసారి చాలడం లేదన్న మాట నిజమే. పడవలు వంతెన కింద నుంచి బయటికి రాగానే ఆమె ముందు చూసేది మొగుడి మొహం కాదు, పొగ. ఏమస్ మోటారు పడవలోని చిన్న గదిలో పడుకుంటాడు, ఫీబీ వెనక పడవలో. చలికాలం ఎవరి గదిలో పొయ్యి వాళ్ళు రాజేసుకుంటారు, అది రోజంతా మండుతూనే ఉంటుంది. రెండు పొగలు కనిపిస్తే రెండు గదుల్లో మనుషులున్నట్టు. నెలల తరబడి ప్రతిసారీ రెండు పొగలు లెక్కపెట్టుకుని, ఊపిరి వదిలి, అప్పుడు చెయ్యి ఊపేది. ఎవరితోనూ అనలేదు. అనుకోవడానికే సిగ్గేసేది, మానడానికి చేతనయ్యేది కాదు.

మార్చి నెల మొదట్లో ఒక గురువారం. పొద్దున పది అయింది. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద ఇంకా కరగలేదు. లాకుకాపరి పై లాకు దగ్గర ఏదో పని ఉందని వెళ్ళాడు. కెజీయా బల్ల మీద, పక్కన మేష్టారు. బొగ్గుతో దిగువకి పోయే పడవల జత ఒకటి వంతెన కింద నుంచి ముక్కు బయటపెట్టింది. ఏమస్ టోపీ గుర్తుపట్టింది కెజీయా.

పొగ ఒకటే ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వెనక పడవ గొట్టం నుంచి పొగ నింపాదిగా లేస్తోంది, మూడు ఇత్తడి పట్టీలూ మెరుస్తున్నాయి. మోటారు పడవ గదిమీద గొట్టమే పెట్టలేదు. గొట్టం పెట్టలేదంటే పొయ్యి రాజెయ్యలేదు. ఇంత మంచులో పొయ్యి రాజెయ్యకుండా ఏ మనిషీ పడుకోడు. అయితే ఏమస్ రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

ఇంకెక్కడ పడుకుంటాడు! పదమూడేళ్ళు. పదమూడేళ్ళు తను దులిపి పరిచిన పక్క.

"ఏమమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు మేష్టారు.

"ఏం లేదు."

పడవలు రెండూ పక్కపక్కన లాకులోకి దూరాయి. ఏమస్ గట్టుమీదికి దూకి పైతలుపులు మూసి, ఆమె ముందునుంచి దిగువ తలుపుల వైపు గబగబా వెళ్తూ "ఏమే, ఎలా ఉన్నావ్?" అన్నాడు. కళ్ళ కింద నల్లటి చారలు, సరిగ్గా నిద్ర లేని మొహం. నిద్రెందుకు పడుతుంది, అనుకుంది కెజీయా. ఏమస్ దిగువ తలుపుల దగ్గర నీళ్ళు వదిలే తూములు ఎత్తాడు, లాకులో నీళ్ళు దిగడం మొదలైంది.

ఇక్కడొక సంగతి ఉంది. లాకు పైతలుపుల కింద నీళ్ళలో రాతి గడప ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు అది కనపడదు. నీళ్ళు దిగుతుంటే మెల్లగా బయటపడుతుంది. దిగువకి పోయే పడవ కాస్త వెనక్కి జరిగి, దాని చుక్కాని ఆ గడపకి చిక్కుకుందంటే వెనక భాగం అక్కడే ఆగిపోతుంది, ముందు భాగం నీళ్ళతోపాటు కిందికి పోతుంది. బొగ్గు నిండా ఉన్న పడవ మునగడానికి ఇంత సందు చాలు. పడవలవాళ్ళ పిల్లలకి నడక కంటే ముందు నేర్పే పాఠం ఇదే: నీళ్ళు దిగుతున్నప్పుడు వెనక్కి చూసుకో.

ఫీబీ వెనక్కి చూసుకోలేదు. గది తలుపులో నించుని అక్క వంక చూసి నవ్వింది. లోపలికి వంగి ఏదో తీసి, రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. తెల్ల దారపు అల్లిక, పొయ్యిపైన అరకి కట్టేది. నవంబరులో కెజీయా సగం అల్లి, సూది గుచ్చి వదిలేసింది. ఇప్పుడు పూర్తయి ఉంది.

"అక్కా, చూడు! నీ అల్లిక అయిపోగొట్టేశా! బావ మురిసిపోయాడనుకో!"

నా దారం, నా సూది, నా అల్లిక. మురిసిపోయింది నా మొగుడు. కెజీయా ఆ అల్లిక వంక చూడలేక చూపు కిందికి దించింది. దించిన చూపు సరిగ్గా చుక్కాని మీద పడింది. ఆ వెడల్పాటి కొయ్య చుక్కాని మడమ గడప రాయికి ఒరుసుకుంటోంది. పడవ వెనక్కి జరిగిపోయింది. ముందు తాడు వదులుగా వేలాడుతోంది. దిగువ తలుపుల దగ్గరున్న ఏమస్‌కి ఇది కనపడదు. ఫీబీ వీపు చుక్కాని వైపు ఉంది. మేష్టారికి తెలియదు. ఈ లోకంలో ఆ సంగతి ఎరిగింది కెజీయా ఒక్కతే.

అరవాల్సింది రెండే మాటలు: తూములు దించు. నోరు తెరిచింది. మూసేసింది.

చూసుకోనీ, అనుకుంది. చుక్కాని పట్టింది అదేగా, అదే చూసుకోనీ. ఒక్క కుదుపు తగలాలి. నాలుగు పళ్ళేలు పగలాలి. ఏమస్ వచ్చి దాన్ని నానా తిట్లూ తిట్టాలి. ఈ చెయ్యి నా చెయ్యి కాదని కాలువ పొడుగునా తెలియాలి. పడవ మునగాలని ఆమె అనుకోలేదు. ప్రాణం మీదికి రావాలని అసలే అనుకోలేదు. ఒక్క కుదుపు, అంతే. అలా అనుకుంటూ మూడు ఊపిరులు తీసింది. నీళ్ళు ఆ మూడు ఊపిరుల్లో జానెడు దిగాయి.

అప్పుడు పడవ మూలిగింది. అలాంటి మూలుగు కెజీయా చిన్నప్పుడు ఒకేఒక్కసారి విన్నది.

"తూములు దించు! ఏమస్! గడప మీదుంది! దించరా!" అని గొంతు చిరిగేలా అరిచింది.

ఏమస్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పడవలవాడు ఆ కేక విన్నాక చూడడు, ముందు దించుతాడు. తూముల ఇనుపపళ్ళు గడగడమంటూ కిందపడ్డాయి. కాని అప్పటికే ముందుకొన నీళ్ళలోకి దిగిపోయింది, కాలువ నీళ్ళు పడవలోకి బొబ్బరిస్తూ దూరాయి. చుక్కాని గడప నుంచి పెళ్ళుమని ఊడింది. పడవ వెనక భాగం ఒక్కసారిగా కిందికి పడింది. ఫీబీ ఎగిరి, రెండు పడవల మధ్య నీళ్ళలో పడింది. మోటారు పడవ ఊగి ఇటే వస్తోంది.

కెజీయా లేవబోయింది, తుంటి లేవనివ్వలేదు. పెటిఫర్ మేష్టారు మాత్రం ఏ లేడికీ లేని పరుగు తీశాడు. కోటు బురదలో ఈడ్చుకుంటూ లాకు గోడ అంచున బోర్లా పడుకుని, కర్ర వంకీని ఫీబీ నడుం పటకాకి తగిలించి లాగాడు. లాగలేకపోయాడు, కానీ వదల్లేదు. ఈలోగా ఏమస్ వచ్చి పడ్డాడు. ఇద్దరూ కలిసి ఆ పిల్లని గోడమీదికి ఈడ్చారు. రెండు పడవలూ ఒకదానికొకటి గుద్దుకున్నాయి, ఆమె ఉన్న చోటే.

వెనక పడవ అడుగుకి చేరింది. కాసేపటికి దాని గది తలుపులోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి: దిండు, రొట్టె, రోజాపూల డబ్బా. పళ్ళేలు రాలేదు. పళ్ళేలు తేలవు.

వెనక వచ్చే పడవలన్నీ ఆగిపోయాయి. మధ్యాహ్నానికి లాకుకాపరి ఇంటి వెనక గది జనంతో నిండింది. ఫీబీని దుప్పట్లలో చుట్టి పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. ఎడమ మణికట్టు వాచి గుమ్మడిపండులా ఉంది. చేతిలో వేడి టీ కప్పు. వచ్చిన ప్రతివాళ్ళూ కెజీయా భుజం తట్టారు.

"నువ్వు అరిచావు కాబట్టి పిల్ల దక్కింది తల్లీ."

"పడవ పోతే పోయింది, కంపెనీ ఇంకోటిస్తుంది. రక్తం రక్తమేనే!"

కెజీయాకి ప్రతి మాటా చెంపదెబ్బే. వాళ్ళంతా వెళ్ళాక గదిలో నలుగురు మిగిలారు. అక్కాచెల్లెళ్ళు, ఏమస్, గుమ్మం దగ్గర తడికోటుతో మేష్టారు. ఏమస్ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. అతని వేళ్ళు నీలంగా ఉన్నాయి, చివర్లు పగిలి ఉన్నాయి.

ఆమె ఉండబట్టలేక అడిగింది. "పొద్దున నీ పొయ్యెందుకు రాజెయ్యలేదు?"

"గొట్టం పోయిందే. సోమవారం ఆ ఎత్తు తక్కువ వంతెన కింద దించడం మర్చిపోయా, తగిలి కాలవలో పడింది. గాలం వేసి గంటసేపు వెతికా. గొట్టం లేకుండా పొయ్యి ఎలా రాజేస్తా?"

"మరి మూడు రాత్రులు?"

"ఇంజను పక్కన. గోనెసంచులు కప్పుకుని. ఇంజను ఆపిన గంటకి అదీ చల్లారిపోయేది."

"వెనక పడవలో పొయ్యుందిగా!"

ఏమస్ చిరాకుపడ్డాడు. "ఆడపిల్ల పడుకునే చోటికి నేనెలా పోతానే? ఇది ఏడ్చి మొత్తుకుంది, బావా, చచ్చిపోతావు, లోపలికి రా, నేను నేలమీద పడుకుంటా అని. నేనే వద్దన్నా. పడవలోళ్ళ నోళ్ళు నీకు తెలీవా? ఎవడో ఒకడు నీకాడికొచ్చి ఏదో కూస్తాడు. గట్టుమీద ఒక్కదానివీ కూర్చుని ఏమైపోతావోనని."

కెజీయా మొగుడి వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది.

ఫీబీ కప్పు కింద పెట్టకుండానే ఏడవడం మొదలెట్టింది. "తప్పంతా నాదే బావా. నేను వెనక్కి చూసుకోలేదు. మీ ఇల్లు ముంచేశాను. ఇంక నన్నెవరు పడవెక్కనిస్తారు? నాన్నకి ఏ మొహంతో చెప్పను?"

ఆమె భయం ఉత్తది కాదు. గడప మీద పడవ వేలాడదీసిందన్న పేరు ఒకసారి వచ్చిందంటే పోదు. ఎక్కడికెళ్ళినా ఆ పేరు ముందే వెళ్ళి కూర్చుంటుంది. ఎవడూ చుక్కాని ఇవ్వడు, ఎవడూ చేసుకోడు.

"ఊరుకోవే. ఎవడైనా ఒకసారి..." అన్నాడు ఏమస్, కాని పూర్తి చెయ్యలేదు. ఎవడికైనా జరుగుతుందని అనడానికి అతనికీ నోరు రాలేదు.

"అక్క చూస్తోందిగా అనుకున్నా బావా. అక్క కళ్ళు చుక్కాని మీదే ఉన్నాయి. నేను చూశా. ఏదన్నా ఉంటే అరుస్తుందిలే, అరవలేదంటే అంతా బానే ఉందిలే అనుకున్నా."

ఇక్కడ కెజీయా ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అనుమానం లేదు, కాలువంతా ఆమెని మెచ్చుకుంటోంది. పొద్దున ఊరుకున్న నోరే కదా, ఇంకాసేపు ఊరుకోవడం ఎంత పని.

"నేను చూశాను" అంది.

"చూశావు కాబట్టేగా అరిచావు" అన్నాడు ఏమస్.

"ముందే చూశాను. రాయికి ఆనుకున్నప్పుడే చూశాను. చూసి ఊరుకున్నా." ఆమె చూపు మొగుడి వేళ్ళ మీదే ఉంది. "ఒక్క పొగే కనిపించింది. మీరిద్దరూ... అనుకున్నా. కడుపు మండిపోయింది. దానికి ఒక దెబ్బ తగలాలనుకున్నా. చిన్న దెబ్బ. తప్పు ఫీబీది కాదు, నాది. నాన్నకీ, కంపెనీకీ, కాలవంతటికీ ఈ మాటే చెప్తా."

మేష్టారు నేల చూపులు చూస్తూ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఏమస్ చేతులు పొయ్యి దగ్గరే ఉన్నాయి, ఎంతసేపటికీ వెనక్కి తీసుకోలేదు. ఫీబీ మాత్రం అక్క మొహం వంక కొత్తగా చూసింది, ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకోవడానికి తంటాలు పడుతున్నట్టు. కప్పు బల్ల మీద పెట్టింది.

"గట్టుమీద గాంగూజ్లర్ ఎవరన్నా ఉంటే నేనే వెనక్కి చూసుకునేదాన్ని అక్కా" అంది. "నువ్వు ఉన్నావని చూసుకోలేదు."

తిట్టలేదు, అరవలేదు. తడి శాలువా భుజాన వేసుకుని, వాచిన చెయ్యి కడుపుకి ఆనించి పట్టుకుని, ఎగువకి పోయే ఎవరి పడవో ఎక్కి వెళ్ళిపోయింది.

కెజీయా అన్నమాట నిలబెట్టుకుంది. తండ్రికి చెప్పింది, కంపెనీ మనిషి వస్తే అతనికీ చెప్పింది, ఆగిన ప్రతి పడవకీ చెప్పింది. కొందరు నమ్మలేదు. చెల్లెల్ని కాపాడటానికి నింద తన మీద వేసుకుందని ఇంకా మెచ్చుకున్నారు. నమ్మినవాళ్ళు ఎగతాళి చెయ్యడం మానేశారు. ఎగతాళే నయమనిపించింది. ఫీబీకి మాత్రం మచ్చ రాలేదు. ఉత్తరాన వాళ్ళ పినతండ్రి పడవల జతలో చుక్కాని దొరికింది.

మే నెలలో కంపెనీ ఇంకో వెనక పడవ ఇచ్చింది. గదిలో కొత్త రంగు వాసన, గోడలకి ఉత్త మేకులు. కెజీయా కర్ర ఊతంతో ఎక్కి చుక్కాని పట్టుకుంది. నాలుగు నెలలు దేనికోసం ఏడ్చిందో అది చేతికొచ్చింది. ఆ రోజు గురించి ఏమస్ ఒక్క మాట అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. మోటారు పడవ గొట్టం కొత్తది కొన్నాడు. రోజూ రెండు పొయ్యిలూ రాజుకుంటున్నాయి. తుంటి బాగయ్యేదాకా నీకు పక్క ఇరుకవుతుందని అతనే అన్నాడు. తుంటి జూన్‌కి బాగయింది.

జూలైలో ఒక సాయంత్రం, కాలువ బాగా సన్నబడే చోట, ఎదురుగా ఒక పడవల జత వచ్చింది. అలాంటి చోట రెండు పడవలు దాటుకుంటే చెయ్యి చాస్తే చెయ్యి అందుతుంది. వెనక పడవ చుక్కాని దగ్గర ఫీబీ ఉంది. ఎండకి నల్లబడింది, మణికట్టుకి గుడ్డ పట్టీ ఉంది. కెజీయా అనాల్సిన మాటలు వారాల తరబడి కూర్చుకుని పెట్టుకుంది, ఒక్కటీ గుర్తురాలేదు.

పడవలు ఎదురైతే పలకరించకుండా పోవడం ఆ కాలువ మీద లేదు, అది పగవాళ్ళ మధ్య కూడా లేదు. ఫీబీ పలకరించింది. దారిన పోయే ఏ పరాయి పడవనైనా ఎలా పలకరిస్తారో అలాగే, తల కొంచెం వంచి, గొంతులో కోపం లేకుండా పలకరించింది.

"బాగున్నారాండీ?"

"బాగున్నామండీ" అంది కెజీయా.

పడవలు దాటిపోయాయి. ఫీబీ మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. అక్క వంక కాదు, తన చుక్కాని గట్టుకి తగులుతుందేమో చూసుకోవడానికి.